షార్ట్‌వేవ్ రిసీవర్‌లో విమానాల సంభాషణలు వినడం ఎలా

మహాసముద్రాలు, ధ్రువ ప్రాంతాలు, జనసంచారం లేని ఎడారులు దాటి వెళ్లే విమానాలు ఈనాటికీ నేల మీది కేంద్రాలతో మాట్లాడటానికి షార్ట్‌వేవ్‌ను వాడుతున్నాయి. ఉపగ్రహాల ద్వారా అక్షరరూప సందేశాలు పంపుకునే పద్ధతి వచ్చాక గొంతుతో మాట్లాడే అవసరం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, దాని సంగతి మొదటి మెట్టులో ఉంది) సౌకర్యం ఉన్న మామూలు పోర్టబుల్ రిసీవర్, కొన్ని మీటర్ల తీగ, కొంత ఓపిక ఉంటే వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న పైలట్ గొంతును మీ గదిలో కూర్చుని వినవచ్చు. కొత్తవారిలో ఎక్కువమంది చేసే పని, సెట్టును ఆటోమేటిక్ స్కాన్‌లో పెట్టి, ఏమీ దొరకడం లేదని వదిలేయడం. ఈ సంభాషణలు పది సెకన్లు సాగి, ఆ తర్వాత పది నిమిషాలు మౌనంగా ఉంటాయి కాబట్టి స్కాన్ వాటిని దాదాపు ఎప్పుడూ పట్టుకోలేదు. సరైన వేళకు సరైన ఫ్రీక్వెన్సీని ఎంచుకుని దాని మీదే నిలబడటం ఇందులో అసలు కిటుకు. కింద చెప్పే మెట్లన్నీ ఆ ఎంపికకు దారితీసేవే.

మొదలుపెట్టే ముందు చట్టం చూసుకోండి

విమాన సంభాషణలు ప్రజల కోసం చేసే ప్రసారాలు కావు. కొన్ని దేశాల్లో వినడానికి ఏ అడ్డూ లేదు, మరికొన్నింట్లో వినడమే నేరం. ఉదాహరణకు బ్రిటన్‌లో 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం, తనకు ఉద్దేశించని సందేశాలను అనుమతి లేకుండా వినడం నిషిద్ధం. అమెరికాలో విమానాల సంభాషణలు వినడం చట్టబద్ధమే. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో 17వ అధికరణం ఇలాంటి సందేశాల గోప్యతకు సంబంధించినదే. మీరున్న చోట నియమం ఏమిటో ముందుగా తెలుసుకోండి. విన్నదాన్ని రికార్డు చేసి పంచడం, వినడం కంటే వేరే విషయమని కూడా గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు: మీ సెట్టు ఈ పనికి వస్తుందో లేదో చూడండి

విమానయానానికి రెండు వేర్వేరు రేడియో ప్రపంచాలు ఉన్నాయి. విమానాశ్రయాల దగ్గర, భూభాగం మీద మాట్లాడుకునేది వీహెచ్ఎఫ్‌లో, అంటే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు. షార్ట్‌వేవ్ డయల్ 30 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, సెట్టు మీద విడిగా ‘ఎయిర్’ అనే మీట ఉంటే తప్ప ఈ భాగం అందదు. టెక్సన్ పీఎల్-660, పీఎల్-680 వంటి కొన్ని పోర్టబుల్ సెట్లలో షార్ట్‌వేవ్‌తో పాటు అది కూడా ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం. రెండవది హెచ్ఎఫ్, అంటే 2.8 నుంచి 22 మెగాహెర్ట్జ్ మధ్య అక్కడక్కడ కేటాయించిన ఇరుకైన పట్టీలు. షార్ట్‌వేవ్ సెట్టుకు నిజమైన పని ఇక్కడే ఉంది.

హెచ్ఎఫ్‌లో విమానాలు మామూలు ఏఎమ్‌లో మాట్లాడవు, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడతాయి. సెట్టు మీద దాన్ని యూఎస్‌బీ అని రాస్తారు. ఏఎమ్ ప్రసారంలో మధ్యన ఒక వాహక తరంగం, దానికి అటూ ఇటూ రెండు పక్కపట్టీలు ఉంటాయి. ఎస్ఎస్‌బీలో వాహకాన్నీ ఒక పక్కపట్టీనీ తీసేసి, మిగిలిన ఒక్క పట్టీనే పంపుతారు. పై పట్టీని పంపితే అది అప్పర్ సైడ్‌బ్యాండ్. ఆ తీసేసిన వాహకాన్ని మీ సెట్టు తనలోనే పుట్టించి మళ్లీ కలపాలి. ఆ పని చేసే భాగమే బీఎఫ్ఓ. అది లేని సెట్టులో పైలట్ మాట బాతు కూతలా తప్ప మరోలా వినపడదు, వాల్యూమ్ ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. కాబట్టి మీ సెట్టు మీద ‘ఎస్ఎస్‌బీ’, ‘యూఎస్‌బీ/ఎల్ఎస్‌బీ’, ‘బీఎఫ్ఓ’ అనే మాటల్లో ఏదో ఒకటి ఉందో లేదో ముందు చూడండి.

అవేవీ లేని పాత అనలాగ్ సెట్టు మాత్రమే ఉంటే, ఒక పాత ఉపాయం ఉంది. మరో అనలాగ్ షార్ట్‌వేవ్ సెట్టును దాని పక్కనే పెట్టి, మీరు వినదలచిన ఫ్రీక్వెన్సీ కంటే 455 కిలోహెర్ట్జ్ తక్కువకు తిప్పండి. 8957 వినాలంటే రెండో సెట్టు 8502 దగ్గర ఉండాలన్నమాట. ఆ రెండో సెట్టులోని లోకల్ ఆసిలేటర్ (సెట్టు లోపల తరంగాన్ని పుట్టించే భాగం) తన డయల్ కంటే 455 పైన పనిచేస్తుంది, కనుక దాని నుంచి లీకయ్యే సన్నని తరంగం సరిగ్గా 8957 దగ్గర పడి, లేని వాహకంగా పనికొస్తుంది. రెండో సెట్టు నాబ్‌ను గోరంత కదిపినా గొంతు మారిపోతుంది కాబట్టి చేయి నిలకడగా ఉండాలి. సౌకర్యంగా వినడానికి ఇది పనికిరాదు. అయితే సైడ్‌బ్యాండ్ ఎలా పనిచేస్తుందో చెవితోనే అర్థం కావాలంటే ఒక్కసారైనా చేసి చూడదగినది.

రెండవ మెట్టు: పట్టీలను గుర్తుపెట్టుకోండి

1978లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో పరిపాలనా సమావేశం పౌర విమానయానపు హెచ్ఎఫ్ పట్టీలను సైడ్‌బ్యాండ్‌కు తగినట్టు మళ్లీ అమర్చి, 3 కిలోహెర్ట్జ్ ఎడంతో ఛానళ్లుగా విడగొట్టింది. ముఖ్యమైన పట్టీలు కిలోహెర్ట్జ్‌లలో ఇవి: 2850 నుంచి 3025, 3400 నుంచి 3500, 4650 నుంచి 4700, 5480 నుంచి 5680, 6525 నుంచి 6685, 8815 నుంచి 8965, 10005 నుంచి 10100, 11275 నుంచి 11400, 13260 నుంచి 13360, 17900 నుంచి 17970, 21924 నుంచి 22000. వీటిలో చాలావాటికి ఆనుకునే సైనిక, ఇతర విమానాల పట్టీలు ఉంటాయి. 8965 నుంచి 9040, 11175 నుంచి 11275, 13200 నుంచి 13260 అలాంటివి. అమెరికా వైమానిక దళం తన ప్రపంచవ్యాప్త హెచ్ఎఫ్ వ్యవస్థకు వాడే 8992, 11175 ఫ్రీక్వెన్సీలు ఈ రెండో రకానికి చెందినవే. అక్కడ అప్పుడప్పుడు అక్షరాలను, అంకెలను ఒక్కొక్కటిగా చదివే సంకేత సందేశాలు వస్తాయి. వాటి అర్థం బయటివారికి అందదు, కానీ చెవికి సాధన చేయించడానికి అంతకంటే నిదానమైన ఉచ్చారణ దొరకదు.

ఈ ఫ్రీక్వెన్సీలను పట్టికల్లో రాసేటప్పుడు మీ డయల్ మీద కనిపించాల్సిన అంకెనే రాస్తారు. కొన్ని అధికారిక పత్రాల్లో దానికి 1.4 కిలోహెర్ట్జ్ కలిపిన అంకె కూడా కనిపిస్తుంది. అది ప్రసార పట్టీ మధ్యబిందువు మాత్రమే. వినేవారు ఎప్పుడూ చిన్న అంకెనే డయల్‌లో పెట్టుకోవాలి.

మూడవ మెట్టు: యాంటెన్నా కంటే ముందు రొద

పొడవాటి తీగ కట్టాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. కానీ సైడ్‌బ్యాండ్ సిగ్నల్ బలహీనమైనది. ఇంట్లో పుట్టే విద్యుత్ రొదలో అది మునిగిపోతే, ఎంత తీగ కట్టినా రొదే పెరుగుతుంది. అందుకే ముందుగా సెట్టును బ్యాటరీల మీద నడపండి, అడాప్టర్ వాడకండి. తర్వాత డయల్‌ను 6600 దగ్గర ఏ స్టేషనూ లేని చోట పెట్టి, ఇంట్లోని ఎల్ఈడీ దీపాలు, ఫోన్ ఛార్జర్లు, కంప్యూటర్, టీవీ, రౌటర్, ఇన్వర్టర్ ఒక్కొక్కటీ ఆపుతూ వినండి. ఏది ఆపినప్పుడు ‘బుర్ర్’మనే శబ్దం ఒక్కసారిగా తగ్గిందో దానికి దూరంగా సెట్టును పెట్టండి. కొన్ని ఛార్జర్లు ఫోన్ తగిలించకపోయినా, ప్లగ్గులో ఉన్నంతసేపూ రొద చేస్తాయి. వాటిని ప్లగ్గులోంచి తీయాల్సిందే.

ఆ తర్వాత యాంటెన్నా. సెట్టుతో వచ్చిన టెలిస్కోపిక్ యాంటెన్నాకు కిటికీ బయటికి వెళ్లే ఏడెనిమిది మీటర్ల ఇన్సులేటెడ్ తీగను క్లిప్పుతో తగిలించినా తొలి రోజులకు చాలు. ఇంతకంటే పొడవైన తీగను పోర్టబుల్ సెట్టుకు నేరుగా తగిలిస్తే బలమైన ప్రసార కేంద్రాల సిగ్నళ్లతో సెట్టు ఉక్కిరిబిక్కిరై, లేని చోట కూడా స్టేషన్లు వినిపించడం మొదలవుతుంది. అప్పుడు సిగ్నల్ బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ మీటను ‘లోకల్’ వైపు జరపండి, లేదా తీగను తగ్గించండి. ఉరుములు వినపడగానే తీగను సెట్టు నుంచి తీసి బయటికి వేయడం అలవాటుగా ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు.

ఇక్కడే మరో మోసాన్ని గుర్తుపట్టాలి. అందిన సిగ్నల్‌ను సెట్టు లోపలి ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి (మధ్యంతర ఫ్రీక్వెన్సీకి) మార్చే దశ ఒక్కటే ఉండి, ఆ ఫ్రీక్వెన్సీ 455 కిలోహెర్ట్జ్ అయిన చవక సెట్లలో, డయల్ చూపే అంకె కంటే 910 కిలోహెర్ట్జ్ పైనున్న స్టేషను కూడా వినిపిస్తుంది. 8957కు 910 కలిపితే 9867. అది 31 మీటర్ల ప్రసార పట్టీలో పడుతుంది. 8879కు కలిపితే 9789, అదీ ఆ పట్టీలోనే. అంటే విమానాలు బాగా వినపడాల్సిన 8.8 మెగాహెర్ట్జ్ పట్టీ మీదే సంగీతం, వార్తలు నీడలా వచ్చి పడతాయి. 8.8 పట్టీలో ఎక్కడైనా వార్తలు వినిపిస్తే, వెంటనే 910 పైకి తిప్పి చూడండి. అక్కడ అదే కార్యక్రమం ఇంకా బలంగా వస్తుంటే కింద విన్నది నీడే. రెండు మార్పిడి దశలున్న సెట్లలో ఈ బాధ దాదాపు ఉండదు. ఈ పనికోసం సెట్టు కొనేటప్పుడు మిగతా హంగుల కంటే దీన్నే ముందు చూడాలని నా అభిప్రాయం.

నాల్గవ మెట్టు: డయల్ నిజం చెబుతోందా?

డయల్ 8957.0 అని చూపినా సెట్టు లోపల 8956.6 దగ్గర ఉండవచ్చు. ఏఎమ్‌లో ఈ తేడా తెలియదు, సైడ్‌బ్యాండ్‌లో గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. సరిచూడటానికి 10000 కిలోహెర్ట్జ్ అన్నిటికంటే అనువైన చోటు. అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూవీ, చైనాలోని బీపీఎమ్ వంటి కాలప్రమాణ కేంద్రాలు ఆ ఫ్రీక్వెన్సీలో అత్యంత కచ్చితమైన వాహక తరంగాన్ని పంపుతాయి. ముందు ఏఎమ్‌లో సెకనుకొకసారి వచ్చే టిక్కు శబ్దం వినిపిస్తోందో లేదో చూడండి. వినిపిస్తే యూఎస్‌బీకి మార్చండి. ఇప్పుడు ఒక సన్నని ఈల వస్తుంది. ఫైన్ ట్యూనింగ్ నాబ్ తిప్పుతూ పోతే ఈల స్థాయి దిగి దిగి, గురగురలాడి, చివరికి మాయమవుతుంది. అది మాయమైన చోట డయల్ ఎంత చూపుతోందో రాసుకోండి. 10000.3 చూపితే మీ సెట్టు 300 హెర్ట్జ్ ఎక్కువ చూపుతోందన్నమాట. ఇక మీదట ప్రతి ఫ్రీక్వెన్సీకీ దాదాపు అంతే కలిపి పెట్టుకోవచ్చు. సెట్టు వేడెక్కే కొద్దీ ఈ తేడా కాస్త మారుతుంది కాబట్టి, ఆన్ చేసిన పదిహేను నిమిషాల తర్వాత కొలవడం మేలు.

ఐదవ మెట్టు: వోల్‌మెట్‌తో మొదలుపెట్టండి

పైలట్ల మాటల కోసం నేరుగా వెళ్లకండి. ముందు వోల్‌మెట్ పట్టుకోండి. గాలిలో ఉన్న విమానాలకు విమానాశ్రయాల వాతావరణాన్ని చదివి వినిపించే సేవ ఇది. విమానాల సంభాషణ ఎప్పుడొస్తుందో తెలియదు, వోల్‌మెట్ మాత్రం గడియారం ప్రకారం వస్తుంది. నిమిషాల తరబడి సాగుతుంది కాబట్టి గొంతును సరిచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఐర్లండ్‌లోని షానన్ కేంద్రం వోల్‌మెట్ ఫ్రీక్వెన్సీలు 3413, 5505, 8957, 13264. మొదటిది రాత్రికి, చివరిది పగటికి. ఉత్తర అమెరికా తూర్పు తీరానికి 3485, 6604, 10051, 13270 కేటాయించారు. పసిఫిక్ ప్రాంతానికి 2863, 6679, 8828, 13282 ఉన్నాయి. వీటిలో హొనొలులు, టోక్యో, హాంకాంగ్, ఆక్లాండ్ కేంద్రాలు ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా పంచుకుంటాయి. హొనొలులు గంట మొదట్లో, అరగంటకు మళ్లీ వస్తుంది. టోక్యో 10, 40 నిమిషాలకు, హాంకాంగ్ 15, 45కు, ఆక్లాండ్ 20, 50కి. ఆగ్నేయాసియా బృందానికి 2965, 6676, 11387 ఉన్నాయి. ముంబై, కోల్‌కతా, బ్యాంకాక్, సింగపూర్, సిడ్నీ వంటి కేంద్రాలు ఇదే పద్ధతిలో గంటకు రెండుసార్లు ఐదేసి నిమిషాల వంతులతో ఈ బృందంలో చేరాయి. డేటాలింక్ (అక్షరరూప సందేశాలు పంపుకునే పద్ధతి) వచ్చాక ఈ సేవల వేళలు మారుతూ, కొన్ని తగ్గుతూ వస్తున్నాయి. కనుక ఒక కేంద్రం వరుసగా కొన్ని రోజులు దొరకకపోతే పట్టుదలకు పోకుండా అదే బృందంలోని మరో కేంద్రం వంతుకు వేచి ఉండండి.

మీరు ఇలా చేయండి. సెట్టును యూఎస్‌బీలో పెట్టి, బ్యాండ్‌విడ్త్ ఎంచుకునే వీలుంటే ఇరుకైనది ఎంచుకోండి. ఫ్రీక్వెన్సీ పెట్టి, వంతుకు రెండు నిమిషాల ముందే వినడం మొదలుపెట్టండి. గొంతు రాగానే అది సన్నగా, కీచుమంటూ ఉంటే మీ డయల్ అసలు కంటే కింద ఉందని అర్థం, కొద్దికొద్దిగా పైకి తిప్పండి. లావుగా, గొణుగుడులా ఉంటే పైన ఉందని అర్థం, కిందికి తిప్పండి. ఒక్కో కదలిక 10 హెర్ట్జ్‌కు మించకుండా తిప్పితే, ఒక చోట గొంతు ఉన్నట్టుండి మనిషి గొంతులా కుదురుకుంటుంది. వోల్‌మెట్‌లో చాలాచోట్ల కంప్యూటర్ గొంతే చదువుతుంది. దాని సహజ స్థాయి ఏదో మొదట్లో తేల్చుకోవడం కష్టం కాబట్టి, అక్షరాలు స్పష్టంగా విడిపడే చోటునే సరైనదిగా తీసుకోండి.

చదివే వరుస ఎప్పుడూ ఒకటే: విమానాశ్రయం పేరు, పరిశీలన సమయం, గాలి దిక్కు డిగ్రీల్లో, వేగం నాట్లలో, దృశ్య దూరం, మబ్బులు, ఉష్ణోగ్రత, మంచుబిందు ఉష్ణోగ్రత, వాయుపీడనం. మబ్బులూ దృశ్య దూరమూ బాగుంటే వాటన్నిటి బదులు ‘కావోకే’ అనే ఒక్క మాట వస్తుంది. పీడనానికి ముందు ‘క్యూఎన్‌హెచ్’ వస్తుంది. ఆ తర్వాత రాబోయే రెండు గంటల్లో పెద్ద మార్పు లేదనడానికి ‘నోసిగ్’ అంటారు. ఈ మూడు మాటలూ చెవికి పట్టుబడితే మిగతా వాక్యం దానంతట అదే విడిపోతుంది.

ఆరవ మెట్టు: సముద్రం మీది సంభాషణలు

ఉత్తర అట్లాంటిక్ దారులకు కుటుంబాలుగా ఫ్రీక్వెన్సీలు ఇచ్చారు. ఒక కుటుంబంలో 3016, 5598, 8906, 13306, మరొక దానిలో 2899, 5616, 8864, 13291, ఇంకొక దానిలో 2971, 4675, 8891, 11279 వంటివి ఉన్నాయి. ఇక్కడ ‘షాన్‌విక్’, ‘గాండర్’, ‘శాంటా మరియా’, ‘న్యూయార్క్’ అనే పిలుపులు వింటారు. షానన్, ప్రెస్ట్‌విక్ అనే రెండు ఊళ్ల పేర్ల కలయికే షాన్‌విక్. నియంత్రణాధికారులు స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో ఉంటారు, రేడియోలో మాట్లాడేది మాత్రం ఐర్లండ్‌లోని బాలీగిరీన్ కేంద్రపు ఆపరేటర్లు. మీరు వినేది నియంత్రణాధికారి గొంతు కాదు, ఆయన మాటను చేరవేసే ఆపరేటర్ గొంతు. ప్రతి వాక్యాన్నీ రెండువైపులా మళ్లీ మళ్లీ చదివి నిర్ధారించుకోవడానికి కారణం ఇదే, పైపెచ్చు రొద కూడా.

హిందూ మహాసముద్రానికి 3476, 5634, 8879, 13306, 17961, ఆగ్నేయాసియాకు 3470, 6556, 10066, 11396, 13318 వంటివి ఉన్నాయి. పసిఫిక్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లేవాటికి 5574, 8843 వంటివి వాడతారు. స్టాక్‌హోమ్ రేడియో 5541, 8930, 11345, 13342, 17916లలో ఎయిర్‌లైన్ కంపెనీలకు, విమానాలకు మధ్య మాటలు కలుపుతుంది. వైద్య సలహా అడగడం, మరమ్మతు గురించి ఇంజనీర్‌తో మాట్లాడటం వంటి మామూలు మాటలు ఇక్కడ దొరుకుతాయి. అన్వేషణ, రక్షణ చర్యలకు అంతర్జాతీయంగా 3023, 5680 కేటాయించి ఉన్నాయి.

స్థాన నివేదిక ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉంటే సగం పని అయినట్టే. పశ్చిమంగా వెళ్తున్న విమానం తన పిలుపు పేరు చెప్పాక ఇలా అంటుంది: “పొజిషన్, ఫైవ్ టూ నార్త్ టూ జీరో వెస్ట్, వన్ ఫోర్ త్రీ టూ, ఫ్లైట్ లెవల్ త్రీ సిక్స్ జీరో, ఎస్టిమేటింగ్ ఫైవ్ త్రీ నార్త్ త్రీ జీరో వెస్ట్, వన్ ఫైవ్ టూ టూ, నెక్స్ట్ ఫైవ్ త్రీ నార్త్ ఫోర్ జీరో వెస్ట్.” ఉత్తర అక్షాంశం 52, పశ్చిమ రేఖాంశం 20 దగ్గర 14:32కు, 36,000 అడుగుల ఎత్తున ఉంది. 15:22కు తర్వాతి బిందువు చేరుతుంది, ఆపై మరో బిందువు. సమయమంతా సమన్వయ ప్రపంచ సమయంలోనే, అంటే యూటీసీలోనే చెబుతారు. అందుకే సెట్టు పక్కన యూటీసీకి పెట్టిన గడియారం ఒకటి తప్పక ఉండాలి. కాగితం మీద అంకెలను మాత్రమే రాసుకుంటూ పోండి, మాటలను రాయబోతే వెనకబడతారు.

ఇప్పుడు చాలా విమానాలు ఇలాంటి నివేదికలను డేటాలింక్‌లోనే పంపేస్తున్నాయి. అయినా కొత్త నియంత్రణ ప్రాంతంలోకి రాగానే హెచ్ఎఫ్‌లో ఒకసారి పిలిచి ‘సెల్‌కాల్ చెక్’ అడుగుతాయి. ఆపరేటర్ అప్పుడు ఒక స్వరజంట పంపుతాడు. రెండు స్వరాలు కలిసి దాదాపు ఒక సెకను, చిన్న విరామం, మళ్లీ వేరే రెండు స్వరాలు ఒక సెకను. ప్రతి విమానానికీ నాలుగక్షరాల సంకేతం ఉంటుంది. తన సంకేతపు స్వరాలు అందగానే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది. పైలట్లు ఇక రోజంతా హెచ్ఎఫ్ రొదను చెవిలో పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీకు మాత్రం ఆ ‘పీఁ పీఁ’ శబ్దమే గొప్ప గుర్తు. అది వినపడిందంటే ఆ ఫ్రీక్వెన్సీ ఈ వేళలో పనిచేస్తోందన్నమాట, ఇక కదలకండి.

ఒకవైపు గొంతు మాత్రమే వినపడితే కంగారుపడకండి. షార్ట్‌వేవ్ తరంగం అయనావరణం నుంచి పరావర్తనం చెంది కొంత దూరంలో నేలకు దిగుతుంది. ప్రసారిణికీ ఆ దిగే చోటుకూ మధ్య ఏమీ వినపడని ప్రాంతం ఒకటి ఉంటుంది. కేంద్రం ఆ మౌన ప్రాంతంలో పడి, వేల కిలోమీటర్ల దూరపు విమానం మాత్రం స్పష్టంగా రావడం, లేదా దానికి తారుమారుగా జరగడం రోజూ ఉండేదే.

వేళ ఎంచుకోవడం

ఇదే ఈ వ్యవహారంలో అన్నిటికంటే లోతైన భాగం. పట్టికలు ఎన్ని దగ్గర పెట్టుకున్నా దీన్ని మాత్రం వింటూనే నేర్చుకోవాలి. మూల సూత్రం చిన్నది: సూర్యుడున్నంతసేపూ పై ఫ్రీక్వెన్సీలు, చీకటి పడ్డాక కింది ఫ్రీక్వెన్సీలు. పగలు అయనావరణపు అట్టడుగు పొర 3, 5 మెగాహెర్ట్జ్ తరంగాలను పీల్చేస్తుంది, రాత్రి ఆ పొర కరిగిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం 11, 13, 17 మెగాహెర్ట్జ్ పట్టీలు, రాత్రి 3, 5, 6 మెగాహెర్ట్జ్ పట్టీలు. 8.8 పట్టీ ఈ రెంటికీ మధ్య వారధిగా, దాదాపు అన్ని వేళలా ఏదో ఒకటి వినిపిస్తుంది. ఒక్క పట్టీనే ఎంచుకోవాల్సి వస్తే దాన్నే ఎంచుకుంటాను.

అయితే మీ దగ్గరి సూర్యుడు ఒక్కడే చాలడు. తరంగం మీ నుంచి విమానం దాకా వెళ్లే దారి మొత్తం పగలుందా, రాత్రి ఉందా అన్నది చూడాలి. దారిలో సగం చీకటి, సగం వెలుగు ఉంటే మధ్యస్థ ఫ్రీక్వెన్సీతో మొదలుపెట్టండి. సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాల్లో అరగంట అటూ ఇటూ, మామూలుగా అందని దూరాలు అందుతాయి. ఆ అరగంటను వృథా చేయకండి.

రెండవ లెక్క విమానాల రద్దీది. ఉత్తర అట్లాంటిక్‌లో యూరప్ నుంచి పడమటికి వెళ్లే గుంపు, 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర 11:30 నుంచి 19:00 యూటీసీ మధ్య దాటుతుంది. తూర్పుకు తిరిగొచ్చే గుంపు 01:00 నుంచి 08:00 మధ్య దాటుతుంది. ఆ వేళల బయట బ్యాండ్ ఎంత బాగున్నా మాట్లాడేవారు తక్కువ. ఆకాశం సహకరించే వేళ, విమానాలు నడిచే వేళ రెండూ కలిసే గంటలను మీ స్థలానికి లెక్కగట్టి రాసుకుంటే, యాంటెన్నా మార్చడం కంటే ఎక్కువ లాభం కనిపిస్తుంది.

మూడవది సూర్యుడి పదకొండేళ్ల చక్రం. సూర్యమచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో 13, 17 మెగాహెర్ట్జ్ పట్టీలు సాయంత్రం దాటాక కూడా తెరిచి ఉంటాయి, తక్కువగా ఉన్న ఏళ్లలో అవి త్వరగా మూసుకుపోతాయి. ఒక పగటిపూట అన్ని పట్టీలూ ఉన్నట్టుండి చచ్చుబడితే సెట్టును విప్పకండి, సౌరజ్వాల కారణం కావచ్చు. కొన్ని నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో తిరిగొస్తుంది.

సెట్టులో లోపమా, ఆకాశంలో లోపమా అన్నది తేల్చుకోవడానికి ఇంటర్నెట్ ద్వారా తిప్పగల దూరపు రిసీవర్లు చక్కగా ఉపయోగపడతాయి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం నడిపేది వాటిలో బాగా పేరున్నది. అక్కడ 8906లో వినపడుతున్నది మీ దగ్గర వినపడకపోతే అది దారి సమస్య. అక్కడా ఏమీ లేకపోతే మాట్లాడేవారే లేరని అనుకోవచ్చు.

మాట కాని శబ్దాలు

ఇవే పట్టీల్లో రెండేసి సెకన్ల పాటు ‘ఖర్ర్’మంటూ వచ్చి ఆగిపోయే శబ్దాలు తరచుగా తగులుతాయి. అది రొద కాదు, హెచ్ఎఫ్ డేటాలింక్. 8942, 11384 వంటి ఫ్రీక్వెన్సీల్లో బాగా వినిపిస్తుంది. సెట్టు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి పీసీ-హెచ్ఎఫ్‌డీఎల్ వంటి ప్రోగ్రాము నడిపితే, ఆ శబ్దం విమానం పిలుపు సంఖ్య, స్థానంగా తెరమీద పడుతుంది. గొంతులు ఏమీ వినపడని పూట కూడా ఏ దిక్కు నుంచి తరంగాలు అందుతున్నాయో ఇది చెప్పేస్తుంది కాబట్టి, నేను దీన్ని వేళ తేల్చుకునే సాధనంగానే ఎక్కువ విలువగా చూస్తాను.

సెట్టులో ఎయిర్ బ్యాండ్ ఉంటే

118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఇక్కడ మామూలు ఏఎమ్‌నే వాడతారు, కాబట్టి ఎస్ఎస్‌బీ మీటను ఆపేయండి. ఎఫ్ఎమ్ వాడకపోవడానికి ఒక మంచి కారణం ఉంది. ఎఫ్ఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. ఏఎమ్‌లో ఈల శబ్దం వచ్చి, మరొకరు కూడా పిలిచారని నియంత్రణాధికారికి తెలుస్తుంది. టెలిస్కోపిక్ యాంటెన్నాను పూర్తిగా లాగకండి. 57 నుంచి 60 సెంటీమీటర్ల దాకా తీసి నిటారుగా నిలబెట్టండి. 125 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం అంతే. షార్ట్‌వేవ్ కోసం తగిలించిన పొడవాటి తీగ ఇక్కడ పనికిరాదు.

వీహెచ్ఎఫ్ తరంగం చూపు మేరకే వెళ్తుంది. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానం 400 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కూడా అందుతుంది గానీ, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న కంట్రోల్ టవర్ మధ్యలో కొండో, కట్టడాలో ఉంటే వినపడకపోవచ్చు. పైలట్ జవాబులు విని ప్రశ్నను ఊహించుకోవడం అలవాటవుతుంది. సిగ్నల్ లేనప్పుడు రొదను ఆపే స్క్వెల్చ్ నాబ్ ఉంటే రొద సరిగ్గా ఆగిపోయే చోటు వరకే తిప్పండి, దాటితే బలహీనమైన విమానాలు కూడా మాయమవుతాయి. ఇక్కడ మాత్రం స్కాన్ పనికొస్తుంది, ఎందుకంటే రద్దీ ఎక్కువ. 121.5 అత్యవసర ఫ్రీక్వెన్సీ కాబట్టి దాన్ని మెమరీలో మొదటి స్థానంలో పెట్టుకోండి.

నమోదు పుస్తకం

ప్రతి విన్నదానికీ తేదీ, యూటీసీ సమయం, ఫ్రీక్వెన్సీ, ఎవరు ఎవరిని పిలిచారు, గొంతు ఎంత స్పష్టంగా ఉంది, యాంటెన్నా ఏది అన్నవి ఒక వరుసలో రాయండి. ఏమీ వినపడని ప్రయత్నాలను కూడా రాయాలి. రెండు ఋతువులు గడిచాక ఆ ఖాళీ వరుసలే మీ దగ్గర ఏ పట్టీ ఎన్నింటికి తెరుచుకుంటుందో, ఎన్నింటికి మూసుకుంటుందో చూపుతాయి. ఒక కేంద్రాన్ని మూడు వేర్వేరు పట్టీల్లో ఒకే గంటలో విన్నప్పుడు ఏది బలంగా ఉందో తప్పక నమోదు చేయండి. మరుసటి రోజు ఆ గంటకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ ఒక్క వరుస చెబుతుంది.